యాన్యువల్ పాస్‌లతో థీమ్ పార్కుల్లో రష్ పెరుగుతుందా? తరచుగా అడిగే ప్రశ్నలు

థీమ్ పార్కు నుంచి కాళ్లు నొప్పులతో బయటికొచ్చిన ప్రతివాళ్లూ ఒకటే మాట అంటారు, ఈ పాస్‌లోళ్ల వల్లే, అంటే ఏడాదికి ఒకేసారి డబ్బు కట్టి మాటిమాటికీ వచ్చేవాళ్ల వల్లే, ఇంత జనం అని. నేను పాస్ పెట్టుకుని ఏళ్ల తరబడి తిరిగా, ఒక్కరోజు టికెట్ కొనుక్కుని పొద్దున్నుంచి రాత్రి దాకా లైన్లో నిలబడ్డ రోజులూ ఉన్నాయి, కాబట్టి రెండు వైపుల బాధా తెలుసు. మాటిమాటికీ వచ్చే ప్రశ్నలన్నీ ఒకచోట పెడుతున్నా.

పాస్‌ల వల్లే రష్ పెరుగుతోంది అంటారు, నిజమేనా?

సగం నిజం. పాస్ ఉన్నవాళ్లు ఎక్కువసార్లు వస్తారు, అందులో అనుమానం లేదు, డబ్బులు ఎలాగూ కట్టేశాం ఇంకోసారి వెళ్తే పోయేదేముంది అనిపిస్తుంది ఎవరికైనా. కానీ ఏడాదిలో ఎన్ని పాస్‌లు అమ్ముడయ్యాయి అన్నదానికన్నా ఆ పాస్‌లు ఏ రోజు ఏ గంటకి గేటు దగ్గర స్కాన్ అయ్యాయి అన్నదే మీ క్యూని తేలుస్తుంది. ఖాళీగా ఉన్న మంగళవారం పొద్దున ఇంకో వెయ్యిమంది వచ్చినా మీకు తేడా కూడా తెలీదు, అదే వెయ్యిమంది అప్పటికే నిండిపోయిన శనివారం సాయంత్రం వచ్చారనుకోండి, ప్రతి పెద్ద రైడ్ దగ్గరా తెలుస్తుంది. కింద చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

కొంచెం జనం పెరిగితే క్యూ అంత ఘోరంగా ఎందుకు పెరుగుతుంది?

ఇది అర్థమైతే మిగతావన్నీ అర్థమైనట్టే, అందుకని కాస్త ఓపిగ్గా చదవండి. ఒక రోలర్ కోస్టర్ ఉంది, ట్రైన్‌కి 24 సీట్లు, నిమిషానికి ఒక ట్రైన్ పంపుతున్నారు అనుకుందాం, అంటే గంటకి 1,440 మంది ఎక్కుతారు. గంటకి 1,400 మంది వస్తున్నంతసేపూ లైన్ అనేది పెద్దగా ఉండదు, వచ్చినవాళ్లు వచ్చినట్టే ఎక్కేస్తుంటారు. గంటకి 1,500 మంది వస్తే గంటకి 60 మంది మిగిలిపోతారు, అయిదు గంటలయ్యేసరికి లైన్లో 300 మంది, అంటే పన్నెండు పదమూడు నిమిషాల వెయిటింగ్, ఎవరూ విసుక్కోరు. ఇప్పుడు గంటకి 1,800 మంది వచ్చారనుకోండి, గంటకి 360 మంది మిగిలిపోతారు, అదే అయిదు గంటలకి లైన్లో 1,800 మంది, వెయిటింగ్ 75 నిమిషాలు.

చూశారా, జనం పెరిగింది 20 శాతమే, వెయిటింగ్ మాత్రం ఆరు రెట్లయింది. పాస్‌ల గురించి ఎంతసేపు వాదించుకున్నా చివరికి వచ్చి ఆగేది ఈ లెక్క దగ్గరే. పార్కు దాదాపు నిండిన రోజున అదనంగా వచ్చిన ఆ కొద్దిమందే మొత్తం క్యూని పెంచేస్తారు, వాళ్ల చేతిలో ఉన్నది పాసా టికెట్టా అన్నది రైడ్‌కి తెలీదు.

పాస్ ఉన్నవాళ్లు పార్కులో ఏం చేస్తారు? టికెట్‌వాళ్లకీ వాళ్లకీ తేడా ఏంటి?

చాలా తేడా ఉంటుంది. ఒక్కరోజు టికెట్‌తో వచ్చిన కుటుంబం గేటు తీయకముందే నిలబడుతుంది, మ్యాప్ మీద ముందే గీతలు గీసుకుని వస్తారు, ఒక్క పెద్ద రైడ్ కూడా వదలరు, గంటన్నర లైన్ ఉన్నా నిలబడతారు, ఎందుకంటే మళ్లీ ఎప్పుడొస్తారో వాళ్లకే తెలీదు. పాస్ ఉన్నవాళ్లు సాయంత్రం అయిదు దాటాక వస్తారు, 75 నిమిషాలు అన్న బోర్డు చూసి వచ్చేవారం చూద్దాంలే అని పక్కకి తిరుగుతారు, పరేడ్‌కో బాణసంచాకో కూర్చుంటారు, పిల్లల్ని ఒక చిన్న రైడ్ ఎక్కించి రెండు గంటల్లో వెళ్లిపోతారు. ఒక్కో మనిషి లెక్కన చూస్తే పాస్ మనిషి రైడ్ లైన్లకి వేసే బరువు తక్కువే.

మరి వాళ్ల బరువంతా ఎక్కడ పడుతుందంటే దారుల మీద, పార్కింగ్ మీద, పరేడ్ చూసే ఫుట్‌పాత్‌ల మీద, సీజనల్ ఈవెంట్ల మీద. కొత్త రైడ్ తెరిచిన మొదటి వారాలు మాత్రం వేరే కథ, అప్పుడు అందరికన్నా ముందు లైన్లో ఉండేది పాస్‌వాళ్లే. హాలోవీన్, క్రిస్మస్ డెకరేషన్లు పెట్టిన మొదటి వీకెండ్ కూడా అంతే.

ఒకసారి లైన్లో నా ముందు ఒక పాప ఉంది, హైట్ కొలిచే కర్ర దగ్గర మడమలెత్తి నిలబడి, సరిపోయిందనగానే వాళ్ల నాన్న చెయ్యి పట్టుకుని గెంతింది. వాళ్లు చాలా దూరం నుంచి ఆ ఒక్కరోజు కోసమే వచ్చారు, అప్పటికి గంటా ఇరవై నిమిషాలుగా నిలబడి ఉన్నారు. నేను అదే రైడ్ ఆ నెలలో మూడోసారి ఎక్కుతున్నా. ఆ రోజు నుంచి జనం ఎక్కువున్న రోజు పెద్ద రైడ్ లైన్లో నిలబడ్డం మానేశాను, పాస్ ఉన్న ప్రతివాళ్లనీ అదే అడుగుతాను.

మరి పార్కులు అంత చవగ్గా పాస్‌లు ఎందుకు అమ్ముతాయి?

డబ్బు ముందే చేతికొస్తుంది, వానాకాలమైనా చలికాలమైనా గేటు ఖాళీగా ఉండదు, వచ్చినవాళ్లు ఊరికే ఉండరు కదా ఏదో ఒకటి తింటారు కొంటారు. కానీ ఒక్కో విజిట్‌కి వాళ్లు పెట్టే ఖర్చు దూరం నుంచి వచ్చి హోటల్ తీసుకుని వారం ఉండేవాళ్లతో పోలిస్తే తక్కువ. అందుకే ఖాళీ రోజుల్లో పార్కుకి పాస్‌వాళ్లు ముద్దు, నిండిన రోజుల్లో అదే మనిషి ఇంకో ఎక్కువ ఖర్చు పెట్టే మనిషి జాగా తీసుకున్నట్టు లెక్క. పాస్ ప్రోగ్రాముల్లో వచ్చే రూల్సన్నీ దీన్నుంచే పుడతాయి.

బ్లాకౌట్ డేట్స్ అంటే ఏంటి, అవి నిజంగా పనిచేస్తాయా?

మీ పాస్ చెల్లని రోజులు. చవక పాస్‌కి ఎక్కువ బ్లాకౌట్లు, ఖరీదైన పాస్‌కి తక్కువ. వీకెండ్లు, వేసవి సెలవులు, క్రిస్మస్ వారం సాధారణంగా ముందు బ్లాక్ అయ్యేవి. పనిచేస్తాయి, అదీ గట్టిగానే.

కళ్లముందున్న ఉదాహరణ కాలిఫోర్నియా డిస్నీల్యాండ్. 2019 మే 31న అక్కడ స్టార్ వార్స్ సినిమాల థీమ్‌తో కట్టిన కొత్త భాగం, గెలాక్సీస్ ఎడ్జ్, తెరిచారు. జనం విరగబడతారని ముందే భయపడి చాలా పాస్‌లకి వేసవిలో బ్లాకౌట్లు పెట్టారు, మొదటి మూడు వారాలకి పైగా ఆ ల్యాండ్‌లోకి రిజర్వేషన్ ఉంటేనే రానిచ్చారు. తీరా చూస్తే ఆ వేసవి పార్కు అనుకున్నదానికన్నా ఖాళీగా ఉంది, ఆ క్వార్టర్‌లో డిస్నీ అమెరికా పార్కులకి వచ్చినవాళ్ల సంఖ్య 3 శాతం తగ్గింది. అప్పటి సీఈఓ బాబ్ ఐగర్ చెప్పిన కారణాల్లో ఒకటి, రష్ ఉంటుందన్న భయంతోనే చాలామంది ఆగిపోయారని. పాస్‌వాళ్లని బయట పెట్టారు, టికెట్‌వాళ్లు భయపడి రాలేదు, మధ్యలో ఆ టైమ్‌లో వెళ్లినవాళ్లు అదృష్టవంతులు. పాస్‌వాళ్లు ఒక పార్కుని రోజూ ఎంత నింపుతారో అంత స్పష్టంగా కనబడిన సందర్భాలు తక్కువ.

బ్లాకౌట్ ఎత్తేసిన రోజు ఎలా ఉంటుంది?

ఆనకట్ట గేట్లు ఎత్తినట్టు. వారాల తరబడి ఆగినవాళ్లంతా ఆ మొదటి వీకెండ్‌కే వచ్చేస్తారు. బ్లాకౌట్ జనాన్ని తగ్గించదు, ఇటు నుంచి అటు జరుపుతుంది, జరిపిన చోట పోగవుతారు. టికెట్‌తో వెళ్లేవాళ్లు ఎవరైనా సరే బ్లాకౌట్ చివరి రోజుల్లో వెళ్లాలి, అయిపోయాక వచ్చే మొదటి శనాదివారాల్లో మాత్రం పొరపాటున కూడా వెళ్లకండి.

రిజర్వేషన్ పెట్టి పాస్‌వాళ్లని రానివ్వడం వల్ల లాభమేనా?

పార్కుకి లాభం, టికెట్‌వాళ్లకీ చాలావరకు లాభం, పాస్‌వాళ్లకి మాత్రం ప్రాణం మీదకొచ్చిన పద్ధతి. డిస్నీల్యాండ్ 2021 జనవరిలో పాత యాన్యువల్ పాస్‌పోర్ట్ ప్రోగ్రామ్‌ని పూర్తిగా ఎత్తేసింది, పార్కు అప్పటికి కోవిడ్‌తో మూసే ఉంది. అదే ఏడాది ఆగస్టులో మ్యాజిక్ కీ అని కొత్తది తెచ్చింది, ఇందులో ఏ పాస్ ఉన్నా ముందు రిజర్వేషన్ చేసుకోవాల్సిందే. దాంతో రేపు ఎంతమంది పాస్‌వాళ్లు వస్తారో పార్కుకి ఇవాళే తెలుస్తుంది, దాన్నిబట్టి ఎంతమంది స్టాఫ్ కావాలో, ఎన్ని ట్రైన్లు నడపాలో చూసుకోవచ్చు, నిండిన రోజు పాస్‌ల కోటా తగ్గించి టికెట్లు అమ్ముకోవచ్చు.

గొడవ కూడా అక్కడే వచ్చింది. ఆ మ్యాజిక్ కీల్లో అప్పట్లో అన్నిటికన్నా ఖరీదైన రకం డ్రీమ్ కీ, 1,399 డాలర్లు, బ్లాకౌట్ డేట్స్ లేవు అని చెప్పి అమ్మారు, కొన్నాక చూస్తే కొన్ని రోజులకి టికెట్లు దొరుకుతున్నాయి గానీ కీ వాళ్లకి రిజర్వేషన్ దొరకడం లేదు. బ్లాకౌట్ లేదు అంటే ఎప్పుడైనా రావచ్చనే కదా ఎవరైనా అనుకునేది! కేసు కోర్టుకెళ్లింది, డిస్నీ తప్పు ఒప్పుకోలేదు గానీ 95 లక్షల డాలర్లకి సెటిల్ చేసుకుంది, పాస్ కొన్న లక్షమందికి పైగా జనానికి తలా 67 డాలర్ల దాకా వచ్చాయి. కాబట్టి ఏ పార్కులో పాస్ కొన్నా బ్లాకౌట్ లేదు అన్న మాట దగ్గర ఆగిపోవద్దు, రిజర్వేషన్ కావాలా, ఒకేసారి ఎన్ని పెట్టుకోవచ్చు, ఆ రోజుకి కోటా అయిపోతే ఏంటి పరిస్థితి, ఇవి చదవండి ముందు.

రిజర్వేషన్ చేసుకుని రానివాళ్ల సంగతేంటి?

అది పెద్ద తలనొప్పే. వీకెండ్లన్నీ ముందే పట్టి పెట్టుకుంటారు, ఆ రోజు బద్ధకం వేస్తే మానేస్తారు, నిజంగా రావాలనుకున్న ఇంకొకళ్లకి జాగా ఉండదు. మ్యాజిక్ కీలో 90 రోజుల్లో మూడుసార్లు అలా చేస్తే 30 రోజుల పాటు కొత్త రిజర్వేషన్ చేసుకోనివ్వకుండా రూల్ పెట్టారు. మంచి రూల్, నాకు నచ్చింది.

అసలు పాస్‌లు అమ్మడమే ఆపేస్తే క్యూలు తగ్గిపోతాయి కదా?

టోక్యో డిస్నీ రిసార్ట్ అదే చేసింది, 2020లో కోవిడ్‌తో మూసినప్పుడు యాన్యువల్ పాస్‌పోర్ట్‌లు ఆపారు, మళ్లీ తేలేదు. 2018 ఆర్థిక సంవత్సరంలో రెండు పార్కులకీ కలిపి 3.25 కోట్లమంది వచ్చారు, 2023కి అది 2.75 కోట్లు. అదే టైమ్‌లో ఒక్కో మనిషి పెట్టిన సగటు ఖర్చు 12 వేల యెన్‌ల లోపు నుంచి 16 వేలు దాటింది. అంటే తక్కువమందిని రానిచ్చి వాళ్ల దగ్గరే ఎక్కువ సంపాదించారు. జనం తగ్గింది పాస్‌లు తీసేసినందుకే అని మాత్రం చెప్పలేం, టికెట్ రేట్లు పెంచారు, రోజుకి ఎంతమందిని రానివ్వాలి అన్నదీ వాళ్లే తగ్గించుకున్నారు.

ఫ్లోరిడాలో వాల్ట్ డిస్నీ వరల్డ్ కూడా 2021 నవంబర్‌లో ఒక్క చవక రకం తప్ప మిగతా పాస్‌ల కొత్త అమ్మకాలు ఆపింది, 2023 ఏప్రిల్ దాకా తెరవలేదు. అన్ని నెలలు కొత్త పాస్‌లు లేకపోయినా సెలవుల్లో క్యూలు క్యూల్లాగే ఉన్నాయి, ఎందుకంటే ఆ పార్కుకి దూరాల నుంచి వచ్చి రోజుల తరబడి ఉండేవాళ్లే ఎక్కువ. డిస్నీల్యాండ్ చుట్టుపక్కలవాళ్ల మీద ఎక్కువ నడిచే పార్కు. చుట్టుపక్కల జనం మీద నడిచే పార్కులో పాస్‌ల రూల్ మారిస్తే మర్నాడే తెలుస్తుంది, టూరిస్టుల మీద నడిచే పార్కులో అంత కనపడదు.

పాస్ మరీ చవక చేస్తే ఏమవుతుంది? మరీ పెంచితే?

అమెరికాలో సిక్స్ ఫ్లాగ్స్ ఈ రెండూ చూసింది. ఏళ్ల తరబడి సీజన్ పాస్‌లు డిస్కౌంట్ల మీద డిస్కౌంట్లు ఇచ్చి అమ్మింది, తర్వాత వచ్చిన సీఈఓ సెలీమ్ బస్సూల్ ఇదంతా పార్కుని టీనేజ్ పిల్లల్ని వదిలేసి పోయే చవక డేకేర్‌లా చేసిందని అని, రేట్లు పెంచి డిస్కౌంట్లు కోసేశారు. 2021లో 2.77 కోట్లు ఉన్న జనం 2022కి 2.05 కోట్లకి పడిపోయారు, నాలుగో వంతు పోయినట్టు. ఆదాయం మాత్రం 9 శాతమే తగ్గింది. పార్కులో ఉన్నవాళ్లకి ఊపిరాడింది, లాభం సంగతి కంపెనీకి నచ్చలేదు, మళ్లీ ఆఫర్లు మొదలయ్యాయి, 2023లో 2.22 కోట్లకి వచ్చింది.

రష్ తగ్గించడానికి రేటు పెంచడం తేలికైన దారి. కానీ దాంతో బయట ఉండిపోయేది పిల్లలున్న మామూలు కుటుంబాలే అని నా బాధ. పాత చవక రేటుకే వారం మధ్యలో మాత్రమే చెల్లే పాస్ ఇస్తే జనమూ సర్దుకుంటారు, ఎవరినీ తరిమేసినట్టూ ఉండదు.

పాస్‌లు తగ్గించినా మా వెయిటింగ్ టైమ్ తగ్గలేదు, ఎందుకని?

చాలామంది అడిగే ప్రశ్న ఇది, పైన లెక్కలోనే జవాబుంది. లైన్లో 720 మంది ఉన్నారు, నిమిషానికో ట్రైన్ వెళ్తే అర్ధగంట. స్టాఫ్ తక్కువై సీట్ల సేఫ్టీ బార్లు చెక్ చేసి ట్రైన్ వదలడానికి నిమిషంన్నర పడితే గంటకి 960 మందే ఎక్కుతారు, అదే 720 మందికి 45 నిమిషాలు. ఒకసారి ఒక పార్కులో లైన్లో నిలబడి ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి చూశా, పొద్దున నిమిషం పది సెకన్లకో ట్రైన్ వెళ్లింది, మధ్యాహ్నం ఒక ట్రైన్ పక్కన పెట్టేశాక రెండు నిమిషాలు దాటింది. లైన్ పొడవు అంతే ఉంది, పట్టిన టైమ్ డబులైంది. చుట్టూ ఉన్నవాళ్లు పాస్‌లోళ్లని తిట్టుకుంటున్నారు.

ఇంకోటి, త్వరగా ఎక్కడానికి అదనంగా డబ్బు కట్టి వెళ్లే లైన్. గంటకి 1,440 సీట్లలో 60 శాతం ఆ లైన్‌కి ఇచ్చేస్తే మామూలు లైన్‌కి మిగిలేది 576, అదే 720 మందికి 75 నిమిషాలు. పార్కులో మనుషులు పెరగలేదు, రైడ్ ఆగలేదు, అయినా అర్ధగంట కాస్తా గంటంపావు అయింది. డిస్నీ 1999లో ఇలా త్వరగా ఎక్కించే ఫాస్ట్‌పాస్ తెచ్చినప్పుడు అది ఫ్రీ, 2021 నుంచి అమెరికా పార్కుల్లో ఆ జాగాలో డబ్బులు కట్టే లైట్నింగ్ లేన్ వచ్చింది. పార్కు ఎన్ని గంటలు తెరిచి ఉంటుందన్నది కూడా చూసుకోండి, జనం తగ్గారని రాత్రి ఎనిమిదికే మూసేస్తే తగ్గిన జనం వల్ల మీకు ఒరిగేదేం లేదు.

పాస్‌తో పాటు త్వరగా ఎక్కే ఎక్స్‌ప్రెస్ లైన్ కూడా ఇస్తారా?

కొన్ని చోట్ల. యూనివర్సల్ ఓర్లాండోలో అన్నిటికన్నా పై స్థాయి ప్రీమియర్ పాస్‌కి సాయంత్రం 4 దాటాక ఎక్స్‌ప్రెస్ వాడుకోనిస్తారు, కొన్ని షరతులతో. అందుకే అలాంటి పార్కుల్లో మధ్యాహ్నం లోపే పెద్ద రైడ్‌లు అయిపోగొట్టుకోవడం మంచిది.

యాప్‌లో చూపించే వెయిటింగ్ టైమ్‌ని నమ్మొచ్చా?

దగ్గర దగ్గరగా నమ్మొచ్చు. చాలాసార్లు కాస్త ఎక్కువే చూపిస్తారు, 60 అని చూసి నిలబడ్డవాళ్లు 45లో ఎక్కితే సంతోషపడతారు కాబట్టి. మూసే టైమ్ దగ్గరపడ్డాక అయితే లైన్ లేకపోయినా పెద్ద నంబర్ ఉండటం నేను చూశా, ఆఖరి పావుగంటలో బోర్డు చూసి వెనక్కి వెళ్లకండి, గుమ్మం దగ్గర నిలబడ్డ స్టాఫ్‌ని అడగండి. మూసే టైమ్‌కి ముందు లైన్లోకి వెళ్తే మామూలుగా ఎక్కనిస్తారు.

టికెట్‌తో ఒక్కరోజే వెళ్తున్నాం, పాస్‌వాళ్ల రష్ తప్పించుకునేదెలా?

ముందు ఆ పార్కు పాస్‌ల క్యాలెండర్ తెరవండి, అందరికీ కనబడేలా సైట్లోనే ఉంటుంది. తక్కువ రకం పాస్‌లు బ్లాక్ అయిన రోజు చూసి మంచిదనుకోకండి, అది సెలవుల వల్ల బ్లాక్ చేశారేమో చూడండి, క్రిస్మస్ వారం పాస్‌వాళ్లు లేకపోయినా నిండే ఉంటుంది. మీకు కావాల్సింది పాస్‌లు బ్లాక్ అయి ఉండి స్కూళ్లు నడుస్తున్న రోజులు, అలాంటివి తక్కువే గానీ ఉంటాయి, వేసవి బ్లాకౌట్ ముగియకముందే స్కూళ్లు తెరుచుకున్న వారాల్లాంటివి. అది దొరక్కపోతే వారం మధ్యలో ఏదో ఒక రోజు, గేటు తీయకముందే అక్కడుండండి, పాస్‌వాళ్లు పొద్దున్నే రారు. మొదటి రెండు గంటల్లో మూడు పెద్ద రైడ్‌లు అయిపోతాయి. సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది దాకా పెద్ద రైడ్ పెట్టుకోకండి, కూర్చుని చూసే షోలు పెట్టుకోండి. పరేడ్ నడుస్తున్నప్పుడు మాత్రం రైడ్‌ల వైపు పరిగెత్తండి, పాస్‌వాళ్లంతా దారి పక్కన కూర్చుని ఉంటారు.

మాకు పాస్ ఉంది, ఎవరికీ ఇబ్బంది లేకుండా ఎలా వాడుకోవాలి?

రాలేని రోజు రిజర్వేషన్ క్యాన్సిల్ చేయండి, ముందురోజు రాత్రయినా పర్లేదు. సింగిల్ రైడర్ లైన్, అంటే ఒంటరిగా ఎక్కేవాళ్ల లైన్, ఉన్నచోట అది వాడండి, ట్రైన్‌లో ఖాళీగా పోయే సీట్లోనే కూర్చుంటారు కాబట్టి మీ వల్ల ఎవరి లైనూ పెరగదు, పైగా మీకే త్వరగా అయిపోతుంది. సెలవు రోజుల్లో పరేడ్ చూడ్డానికి మూడు గంటల ముందే దుప్పటి పరిచి జాగా పట్టుకుంటారు కొందరు, దయచేసి వద్దు, ఆ ముందు వరస జీవితంలో ఒక్కసారి వచ్చే పిల్లలకి వదిలేయండి, మీకు వచ్చేవారం కూడా అదే పరేడ్ ఉంటుంది.